గల్లాపెట్టె ముందు నుంచి లేవడం

మధ్యాహ్నం రెండున్నరకి విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏదో ఒక బట్టల కొట్టు. యజమాని కౌంటర్ వెనక స్టూలు మీద క్యారేజీ విప్పుతాడు. మొదటి ముద్ద కలిపేలోపు సేల్స్ అమ్మాయి వస్తుంది: "సార్, నాలుగు చీరలు తీసుకుంటున్నారు, రెండొందలు తగ్గించమంటున్నారు." రెండో ముద్దకి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కుర్రాడు, బేళ్ళు దింపేశాం కిరాయి ఇమ్మని. మూడో ముద్దకి మొన్న కొన్న చుడీదార్ సైజు చాల్లేదని వచ్చినవాళ్ళు. పెరుగు దగ్గరికి వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది. ఆ ముగ్గురికీ ఆయన చెప్పిన జవాబులు నిన్న చెప్పినవే. "నూటయాభై తగ్గించు." "రశీదు తీసుకుని ఇచ్చెయ్." "బిల్లుంటే మార్చు."

అడిగితే, "మనవాళ్ళకి ఏదీ అప్పగించలేమండీ, మనం లేకపోతే ఒక్క పనీ సాగదు" అంటాడు. నిజానికి ఆ కొట్లో పనులన్నీ ఆయన ఎప్పుడో అప్పగించేశాడు. చీరలు పరిచి చూపించేది ఆయన కాదు, మడతలు పెట్టేది ఆయన కాదు, బిల్లు కొట్టేదీ బేళ్ళు విప్పేదీ ఆయన కాదు. ఆయన తన దగ్గర ఉంచుకున్నవి జవాబులు. పదిమందికి జీతాలిస్తూ పదిమందికీ కలిపి ఒక్క బుర్ర వాడుతున్నాడు. చేతుల పని తగ్గినా తలనొప్పి తగ్గకపోవడానికి కారణం ఇదే.

అప్పగింత అనే మాట మనకు పెళ్ళిలో వినిపిస్తుంది, మళ్ళీ వ్యాపారంలో వినిపిస్తుంది. రెండుచోట్లా ఏడుపు తప్పదు. చిక్కేమిటంటే ఆ ఒక్క మాటలో మూడు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. చేయాల్సిన పని ఒకటి. ఆ పని మధ్యలో ఎదురయ్యే "ఇటా, అటా" తేల్చే హక్కు రెండోది. తేడా వస్తే జవాబు చెప్పుకోవలసిన బాధ్యత మూడోది. మొదటిది ఇచ్చి రెండోది బిగబట్టుకుంటే అది అప్పగింత కాదు, పురమాయింపు. మొదటి రెంటితో పాటు మూడోది కూడా దులిపేసుకున్నానని అనుకుంటే ఏదో ఒక రోజు కొంప మునుగుతుంది, ఎందుకంటే బయటివాళ్ళ లెక్కలో మూడోది ఎప్పటికీ యజమానిదే.

ఇది నీతి కాదు, చట్టం. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం దీనికోసం ఒక అధ్యాయమే పెట్టింది. మీ తరఫున వ్యవహరించే మనిషి తన అధికార పరిధిలో ఏం చేసినా మీరు చేసినట్టే. పరిధి దాటినా, ఆ అధికారం అతనికి ఉందని బయటివాళ్ళు నమ్మేలా మీ మాటో నడతో ఉంటే 237వ సెక్షన్ మిమ్మల్నే పట్టుకుంటుంది. గుమాస్తా వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్టు నుంచి మీ పేరు మీద ఏడాదిపాటు అరువు సరుకు తెచ్చాడు, మీరు కిమ్మనకుండా కడుతూ వచ్చారు. పదమూడో నెలలో "నేను తెమ్మనలేదు" అంటే నిలబడదు. అతను పని మానేశాక కూడా అంతే. మానేసిన కబురు అవతలివాళ్ళకు తెలిసేదాకా వాళ్ళ విషయంలో అతని అధికారం ఉన్నట్టే లెక్క, ఇది 208వ సెక్షన్. అందుకని, "ఇకనుంచి మావాడే వస్తాడు" అని ఎవరెవరికి ఫోన్ చేసి చెప్పారో ఆ పేర్లు ఒక కాగితం మీద రాసి ఉంచాలి. మనిషి మానేసిన రోజు సాయంత్రమే ఆ కాగితం తీసి వరసగా మళ్ళీ ఫోన్లు చేయాలి. గుంటూరు, విజయవాడ బజార్లలో వ్యాపారం ఇప్పటికీ ముఖపరిచయం మీదే నడుస్తుంది. ముఖం మారిన సంగతి చెప్పకపోతే పాత ముఖమే చెల్లుతుంది.

ఏడు రోజుల చిట్టా

ఏది వదలాలి, ఏది ఉంచుకోవాలి అన్నది కూర్చుని ఆలోచిస్తే తేలదు. ఆలోచిస్తే అన్నీ ముఖ్యమైనవిగానే కనిపిస్తాయి. దీనికి ఒక చిన్న నోటుబుక్కు కావాలి. ఏడు రోజులపాటు మిమ్మల్ని ఎవరు ఏం అడిగినా ఒక వరస: టైము, అడిగింది ఎవరు, ఏం అడిగారు, మీరేం చెప్పారు. ఫోన్లు, వాట్సాప్ మెసేజీలు కూడా ఇందులోకే. మొదటి రోజు సగం రాయడం మర్చిపోతారు. మూడో రోజు "రాసిందే రాస్తున్నాను" అని విసుగు పుడుతుంది. ఆ విసుగు వచ్చిన చోట ఒక గీత గీసుకోండి, మీరు వెతుకుతున్నది అదే.

వారం చివర కూర్చుని మూడు గుంపులు చేయాలి. మూడుసార్లు వచ్చి మూడుసార్లూ ఒకే జవాబు పొందిన ప్రశ్న మొదటి గుంపు. దానికి మనిషి అక్కర్లేదు, గోడ మీద ఒక కాగితం చాలు. "బిల్లు, ట్యాగు ఉంటే ఏడు రోజుల్లోపు మారుస్తాం, డబ్బు వాపసు లేదు" అని రాసి అంటిస్తే చుడీదార్ గొడవ మీ అన్నం దాకా రాదు. జవాబు ప్రతిసారీ వేరుగా ఉన్నా వెనక ఒక లెక్క ఉన్న ప్రశ్నలు రెండో గుంపు. అప్పగింత అసలు వ్యవహారమంతా ఇక్కడే, ఆ లెక్కను బయటికి తీసి నేర్పాలి. ఎందుకు అలా చెప్పారో మీకే సరిగా తెలియని జవాబులు మూడో గుంపు. వాటిని ప్రస్తుతానికి మీ దగ్గరే ఉంచుకోండి.

ఇక "నేర్పేలోపు నేనే చేసేసుకుంటాను" అనే మాట. దీన్ని కొట్టిపారేయడానికి లేదు, లెక్క వేసి చూడాలి. సరుకు అరువుకు తీసుకునే పార్టీల బాకీలు చూసి రేపు ఎవరికి ఫోన్ చేయాలో తేల్చడానికి రోజుకు ఇరవై నిమిషాలు పడుతుందనుకుందాం. 300 పనిదినాలకు 100 గంటలు. నేర్పడానికి మొత్తం 12 గంటలు, తర్వాత రోజుకు 4 నిమిషాలు సరిచూసుకోవడానికి ఏడాదికి 20 గంటలు, తప్పులు దిద్దడానికి మరో 8 గంటలు. మొత్తం 40. మొదటి ఏడాదే 60 గంటలు మిగులు. అయితే నేర్పే 12 గంటలూ, దిద్దే 8 గంటల్లో చాలా భాగమూ మొదటి నెలన్నరలోనే వచ్చి పడతాయి. అదే నెలన్నరలో మీరే చేసుకుంటే పట్టేది సుమారు 12 గంటలు. అంటే ఆ కాస్త కాలానికి మీ మాట అక్షరాలా నిజం. మనుషులు వదిలేసేది సరిగ్గా ఆ నిజం దగ్గరే, లాభం మొదలయ్యే వారం ముందు.

అందుకే ఎప్పుడు మొదలుపెట్టాలన్నది చిన్న విషయం కాదు. దసరా ముందు బట్టల కొట్లోనో, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా సరుకు ముంచెత్తే రోజుల్లో గుంటూరు మిర్చి యార్డులోనో కొత్త మనిషికి నిర్ణయం అప్పగిస్తే అది నేర్పడం కాదు, ఏట్లోకి తోయడం. యార్డు వేసవి సెలవులయ్యాక, కోల్డ్ స్టోరేజీల సరుకు నెమ్మదిగా కదిలే నెలలు దీనికి మంచివి.

హద్దు గీయడం

"కాస్త చూసి ఇయ్యి", "బాగా చూసుకో", "నీకు తెలీదా" — మన కొట్లలో అధికారం ఇచ్చే పద్ధతి ఇది. ఇందులో అంకె లేదు. అంకె లేని చోట రెండు రకాల మనుషులు తయారవుతారు. భయస్తుడు ప్రతిదీ అడుగుతాడు, తెగువ ఉన్నవాడు ఏదీ అడగడు. ఇద్దరి మీదా చిరాకు పడేది మీరే.

హద్దు ఎంత ఉండాలనేదానికి మేం వాడే ముతక లెక్క ఒకటుంది. ఒక్క నిర్ణయం తప్పయితే పోయే సొమ్ము, కొట్టు సగటు రోజు లాభంలో ఇరవయ్యో వంతు దాటకపోతే దాన్ని సేల్స్ మనిషికి వదిలేయవచ్చు. రోజుకు ఖర్చులు పోను 6,000 మిగిలే కొట్లో అది 300. అన్నం ముందు వచ్చిన నూటయాభై, రెండొందల బేరాలన్నీ అందులో పడిపోతాయి. ఒక రోజు లాభం దాకా పోయే అవకాశమున్న నిర్ణయం మేనేజరుది, లేదా పాత గుమాస్తాది. అంతకు మించితే మీది. ఇది శాస్త్రం కాదు. ఏదో ఒక అంకె ఉండటం ముఖ్యం, సరైన అంకెను మూడు నెలల్లో కొట్టే చెబుతుంది.

సొమ్ముతో పాటు ఇంకొకటి చూడాలి, తప్పు జరిగితే వెనక్కి తీసుకోగలమా అన్నది. అద్దంలో ఏ బొమ్మకు ఏ చీర కట్టాలన్నది రేపు మార్చుకోవచ్చు, అడగాల్సిన అవసరమే లేదు. అరువు ఇవ్వడం అలా కాదు, గడప దాటిన సరుకు తిరిగి రాదు. కాబట్టి అరువుకు అంకె ఒక్కటే చాలదు, షరతు కూడా కావాలి: పాత పార్టీ అయి ఉండాలి, ముప్ఫై రోజులు దాటిన బాకీ ఉండకూడదు, మొత్తం బాకీ ఆ పార్టీకి రాసిపెట్టిన హద్దు దాటకూడదు. మూడూ సరిపోతే గుమాస్తాయే ఇచ్చేయాలి. ఒక్కటి తప్పినా మీకు ఫోన్.

తగ్గింపు హద్దులో ఒక గొయ్యి ఉంది. మూడు శాతం దాకా తగ్గించవచ్చని చెప్పిన నెలలోపే ప్రతి బిల్లుకూ మూడు శాతం పోతుంది. పైహద్దు కాస్తా ధరగా మారుతుంది. కారణం మోసం కాదు. తగ్గిస్తే కొనేవాళ్ళ మొహం వెలుగుతుంది, ఆ సొమ్ము సేల్స్ అమ్మాయిది కాదు. మందు ఏమిటంటే శాతానికి బదులు నెలకు ఒక మొత్తం చేతిలో పెట్టడం. "నీకు ఈ నెల తగ్గించుకోడానికి 4,000. మిగిలిందాంట్లో పావు వంతు నీది." అప్పట్నుంచి అడగ్గానే ఇవ్వడం ఆగి బేరం మొదలవుతుంది. మిగిల్చిన సొమ్ము కోసం అమ్మకం పోగొట్టుకుంటున్నారా అన్నది కూడా చూస్తుండాలి, దానికి ఆ మనిషి నెలవారీ బిల్లుల సంఖ్య చాలు.

యార్డులో ఏజెంటు, ఏజెంటు దగ్గర గుమాస్తా

అప్పగింతకు గుంటూరు మిర్చి యార్డు కంటే మంచి బడి లేదు, ఒక వింత మినహాయింపుతో. రైతు ఏడాది కష్టాన్ని టిక్కీల్లో, అంటే గోనె బస్తాల్లో, కట్టి తెచ్చి, ధర మాట్లాడే పనిని తన ఏజెంటైన కమీషన్ వ్యాపారి చేతిలో పెడతాడు. పక్కనే కూర్చుంటాడు నిజమే, కానీ కొనేవాళ్ళతో మాట వ్యాపారిదే. అంత పెద్ద నిర్ణయం రోజూ ఇతరుల నుంచి అందుకునే ఆ వ్యాపారే తన గుమాస్తాకు ఒక్క లాటు వదలడు.

చట్టం ఇక్కడ ఒక మెలిక పెట్టింది. స్వయంగా చేస్తానని ఒప్పుకున్న పనిని ఏజెంటు మరొకరికి అప్పగించకూడదు. వ్యాపార ఆచారం ఒప్పుకుంటేనో, పని స్వభావం వల్ల తప్పకపోతేనో తప్ప. గుమాస్తా చేత కాటా వేయించడం, మచ్చు చూపించడం ఆచారమే. "మీరే దగ్గరుండి అమ్మిపెట్టండి" అని రైతు అడిగి మీరు సరేనన్న లాటు మాత్రం వేరు. ఆ తేడా గుమాస్తాకు కూడా తెలియాలి. చీటీ మీద ఒక గుర్తు పెడితే సరిపోతుంది.

మిగతా లాట్లలో ఏది వదలొచ్చు? సరుకు దింపుకునే దగ్గరి పరీక్ష మొట్టమొదట వదలాల్సింది, ఎందుకంటే దాన్ని పూర్తిగా అంకెల్లోకి మార్చవచ్చు. రకం ఏది, తేజా, 334, 341, బ్యాడిగి. తేమ ఎంత. ఆహార ప్రమాణాల ప్రకారం ఎండుమిర్చిలో తేమ 11 శాతం మించకూడదు. అంతకంటే ఎక్కువుంటే నిలవలో రంగు నల్లబడుతుంది, బూజు పడుతుంది. చేత్తో నలిపి గలగల విని చెప్పే అనుభవం పెద్దాయనకు ఉంటుంది, ఇరవై ఏళ్ళ కుర్రాడికి ఉండదు. కుర్రాడికి తేమ మీటరు ఇచ్చి, ఒక నెలపాటు ప్రతి లాటుకూ ముందు పెద్దాయన చేతి అంచనా, తర్వాత మీటరు అంకె పక్కపక్కన రాయించాలి. రెండు పనులు ఒకేసారి జరుగుతాయి: కుర్రాడి చెయ్యి తయారవుతుంది, పెద్దాయన చెయ్యి ఎంతవరకు నమ్మదగినదో తేలుతుంది. రెండో సంగతి కొన్నిచోట్ల ఇబ్బందిగా ఉంటుంది.

టిక్కీలో తాలుకాయ, అంటే రంగు పోయి తెల్లబారిన కాయ, ఎంత ఉందన్నది కంటితో చెబితే మనిషికో మాట. అందుకని ప్రతి పదో టిక్కీ విప్పించి, పైనా మధ్యా అడుగునా తీసిన కిలో మచ్చులో తాలు ఏరించి తూయించాలి. పైన మాత్రమే తీస్తే పైన ఏముందో అదే తెలుస్తుంది.

ఈ రోజు అమ్మాలా, కోల్డ్ స్టోరేజీకి పంపాలా అన్న నిర్ణయం మాత్రం వదలకండి. అది రేటు మీద పందెం. సరుకు రైతుదైతే ఆ మాట రైతుదే కూడా.

చేతి లెక్కను తూకంలోకి దించడం

గుంటూరు బ్రాడీపేటలో ఒక అడ్డరోడ్డు కర్రీ పాయింటు అనుకుందాం. వంట ఇద్దరు ఆడవాళ్ళు చేస్తారు, కానీ ఉప్పు, కారం, పులుపు వేసే వేళకు మాత్రం "అక్కా, ఒకసారి రా" అని పిలుపు. యజమానురాలు ఊరెళ్ళిన రోజు సాంబారు పలచన, ఆ సాయంత్రం ఫిర్యాదులు. "నా చెయ్యి పడితేనే ఆ రుచి" అన్న నమ్మకం ఇంకాస్త గట్టిపడుతుంది.

చేతిలో రుచి ఉన్న మాట నిజమే, ఆ చెయ్యి ఎంత వేస్తుందో ఆమెకే తెలియదు. తెలుసుకునే ఉపాయం తేలిక. వంటకు ముందు ఉప్పు డబ్బా తూచాలి. ఆమె మామూలుగా, ఏ లెక్కా లేకుండా, తన పద్ధతిలో వేయాలి. తర్వాత డబ్బా మళ్ళీ తూచాలి. తేడా ఎంతో అదే కొలత. 12 లీటర్ల సాంబారుకు మూడు రోజులు వరసగా 110, 125, 118 గ్రాములు వచ్చిందనుకోండి, 118 అని రాసి గోడకు అంటించాలి. కారం, చింతపండు గుజ్జు, బెల్లం అన్నిటికీ ఇంతే. గరిటెలతో కొలవొద్దు. కల్లుప్పు గరిటెడూ సన్న ఉప్పు గరిటెడూ బరువులో ఒకటి కావు.

ఇక్కడ తప్పు జరిగేది రెండుచోట్ల. గిన్నె మారితే, అంటే నీళ్ళ కొలతకు గీత లేకపోతే, గ్రాములన్నీ వృథా. కాబట్టి ముందు గిన్నె లోపల 12 లీటర్ల దగ్గర గీత పడాలి. రెండోది, సరుకు మారినప్పుడు. కొత్త కారం, కొత్త చింతపండు బస్తా విప్పిన రోజున కొలత మళ్ళీ తేల్చుకోవాలి. ఆ రోజు అక్కను పిలవడం న్యాయం. అంటే పిలుపు రోజుకు మూడుసార్ల నుంచి బస్తాకు ఒకసారికి దిగుతుంది. అప్పగింతలో దక్కేది చాలావరకు ఇంతే, పిలుపులు పూర్తిగా ఆగవు.

"పెద్దాయన లేరా?"

తండ్రీకొడుకుల కొట్లలో అప్పగింత చెడేది ఒకే ఒక్క వాక్యంతో. కొడుకు రేటు చెబుతాడు. పాత కస్టమర్ లోపలికి తొంగిచూసి "పెద్దాయన లేరా?" అంటాడు. వెనక గదిలోంచి పెద్దాయన వచ్చి, నవ్వి, ఇంకో వంద తగ్గిస్తాడు. మర్యాదగానే చేశాడు. కానీ ఆ వంద రూపాయలతో ఊరందరికీ ఒక సంగతి తెలిసింది: ఈ కొట్లో రెండు రేట్లున్నాయి, అసలుది వెనక గదిలో ఉంది. అక్కణ్ణుంచి కొడుకు చెప్పే ఏ మాటైనా ఆరంభ ధర మాత్రమే. ఏడాది తర్వాత తండ్రే అంటాడు, "వాడికి ఇంకా కస్టమర్లను పట్టుకోవడం రాలేదు" అని.

దీనికి ఉన్న మందు కఠినమైనది, కానీ పనిచేస్తుంది. పెద్దాయన కూర్చునే చోటు మారాలి, గల్లా కనిపించని చోటుకి. ఎవరైనా వెతుక్కుంటూ వచ్చి అడిగితే ఒకటే జవాబు: "అబ్బాయి చెప్పిందే నా మాటండీ." కొడుకు చెప్పింది తప్పని తెలిసినా సరే. ఆ తప్పు గురించి మాట్లాడటానికి షట్టరు దించాక బోలెడంత టైముంది. వంద రూపాయలు పోతాయి, పోనివ్వాలి. ఒకవేళ వంద కాదు, పదివేలు పోయే తప్పు కళ్ళముందు జరుగుతుంటే? అప్పుడు కస్టమర్ ముందు కాకుండా "ఏరా, ఒకసారి ఇటు రా" అని పక్కకు పిలిచి చెప్పి, మార్చిన మాటను కొడుకు నోటితోనే చెప్పించాలి.

గుమాస్తాల విషయంలోనూ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ తిరుగుబాటు మౌనంగా ఉంటుంది. ఒక్కసారి నలుగురి ముందు మాట తీసేస్తే అతను మర్నాటి నుంచి ప్రతిదీ అడుగుతాడు. వినయం అనుకుంటాం. "సార్, ఇదేం చేద్దాం?" అని వచ్చినప్పుడు జవాబు చెప్పేస్తే పని తిరిగి మీ దగ్గరికి వచ్చినట్టే. "నువ్వైతే ఏం చేస్తావు, రెండు దారులు చెప్పు" అనడం మొదటి వారం మీకే సాగదీతగా అనిపిస్తుంది. మూడో వారానికి అతను రెండు దారులతోనే వస్తాడు. ఆరో వారానికి రావడం మానేస్తాడు. ఆ ఆరో వారం చాలామంది యజమానులకు లోపల కాస్త వెలితిగా ఉంటుందన్నది మాత్రం ఎవరూ బయటికి చెప్పరు.

డబ్బు దగ్గర

డబ్బు అప్పగించడంలో మనవాళ్ళది విచిత్రమైన పద్ధతి. వంద రూపాయల తగ్గింపుకు అనుమతి కావాలి, కానీ సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు అకౌంటెంటు సొరుగులో ఉంటాయి. సంతకం చేసి ఖాళీగా ఇచ్చిన చెక్కును తీసుకున్నవాళ్ళు నింపినా, అది మీ అప్పు తీర్చడానికి ఇచ్చినట్టే చట్టం ముందుగా భావిస్తుందని సుప్రీంకోర్టు 2019లో స్పష్టంగా చెప్పింది. కాదని రుజువు చేసుకునే భారం మీది. ఓటీపీ ఫోన్లో చదివి చెప్పడం కూడా ఖాళీ చెక్కే.

వీటికి బదులు దారులున్నాయి. బ్యాంకు కరెంటు ఖాతాకు వ్యాపార నెట్ బ్యాంకింగ్ తీసుకుంటే చెల్లింపు తయారుచేసేది ఒకరు, ఆమోదించేది మరొకరు అయ్యేలా పెట్టుకోవచ్చు. అకౌంటెంటు పది చెల్లింపులు సిద్ధం చేసి ఉంచుతాడు, మీరు సాయంత్రం ఐదు నిమిషాల్లో చూసి వదులుతారు. సరుకు రవాణాకు తీసే ఈ-వే బిల్లు పోర్టల్లో సబ్ యూజర్‌ను సృష్టించి డిస్పాచ్ చూసే కుర్రాడికి అతని సొంత లాగిన్ ఇవ్వవచ్చు. అందరూ ఒకే పాస్‌వర్డ్ వాడితే ఏ బిల్లు ఎవరు తీశారో తేలదు. చిల్లర ఖర్చులకు యూపీఐ సర్కిల్ ఉంది, 2024లో వచ్చింది. మీ ఖాతా నుంచే మరొకరు చెల్లించేలా అనుమతి ఇవ్వవచ్చు. పూర్తి అనుమతి ఇస్తే నెలకు 15,000, ఒక్కో చెల్లింపుకు 5,000 అన్నది దాన్ని తెచ్చినప్పుడు పెట్టిన పైహద్దు. పాక్షికమైతే ప్రతిసారీ మీ పిన్ కావాలి, అంటే మళ్ళీ అన్నం మధ్యలో లేవడమే. పూర్తి అనుమతి, చిన్న హద్దు, ఇదే నయం.

నగదు చేతికిచ్చేటప్పుడు ఆదాయపు పన్ను గీత గుర్తుండాలి. ఒకే మనిషికి ఒక రోజులో 10,000 మించి నగదు ఇస్తే ఆ ఖర్చును లెక్కలోకి రానివ్వరు, లారీ కిరాయిలకు మాత్రం 35,000 దాకా వెసులుబాటు. గుమాస్తాకు ఇది తెలియకపోతే తప్పు అతనిది, పన్ను మీది.

సరుకు ఆర్డరు పెట్టేవాడు, దింపుకుని లెక్క చూసేవాడు, డబ్బు కట్టేవాడు ముగ్గురూ ఒకే మనిషి కాకూడదు. ఇద్దరే ఉన్న చిన్న కొట్లో మొదటి రెండూ విడగొట్టి వాళ్ళకిచ్చేసి, మూడోది మీరు ఉంచుకోండి. అనుమానంతో కాదు. ముగ్గురి పని ఒక్కడి దగ్గరుంటే, నిజాయితీపరుడు చేసిన పొరపాటు కూడా ఎవరికీ కనిపించదు.

తప్పుల పద్దు

తప్పులు జరుగుతాయి. దానికి చిట్టాలో ముందే ఒక పద్దు తెరవాలి. నెలకు ఎంత పోయినా ఫర్వాలేదో, ఉదాహరణకు సగటు రోజు లాభంలో సగం, ఆ మొత్తం నేర్పుకోలు ఖర్చు. అందులో పడినంతవరకు కేకలు లేవు. ఏం జరిగిందో రెండు వాక్యాల్లో రాయించడం మాత్రం ఉంటుంది. ఒకే తప్పు మూడోసారి వస్తే మనిషిని కాకుండా ముందు మీరు చెప్పిన పద్ధతిని అనుమానించాలి.

పోయిన సొమ్మును జీతంలోంచి కోసేయడం మన బజార్లలో మామూలే. ఆ నష్టం నేరుగా అతని నిర్లక్ష్యం వల్లే జరిగి ఉండాలి, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ఇవ్వాలి, అప్పుడు గానీ జీతం కోత చెల్లదని చట్టం. చట్టాన్ని పక్కన పెట్టినా, కోసిన మర్నాటి నుంచి అతను నిర్ణయాలు తీసుకోడు. తన జీతం పెట్టి మీ వ్యాపారానికి ఇన్సూరెన్స్ ఎవరు కడతారు?

సరిచూసుకోవడం కూడా అప్పగింతలో భాగమే, నెత్తి మీద నిలబడటం మాత్రం కాదు. మొదటి వారం రోజూ, తర్వాత మూడు వారాలు వారానికి రెండుసార్లు, ఆపైన వారానికి ఒకసారి. టైము ముందే చెప్పాలి, ఏ బిల్లులు తీస్తారో మాత్రం చెప్పకూడదు. అరవై బిల్లుల్లో మీకు తోచిన ఐదు, గోడౌన్లో పది రకాల సరుకు. ఆ ఐదూ సరిగ్గా ఉంటే మిగతావి చూడకుండా లేవాలి. ఇది చదవడానికి తేలిక, ఆరో బిల్లు మీదికి చెయ్యి దానంతటదే పోతుంది.

ఇరవై ఏళ్ళుగా ఒక్క రోజూ సెలవు పెట్టని గుమాస్తాను చూసి మురిసిపోయే యజమానులకు ఒక మాట. బ్యాంకుల్లో కీలకమైన సీట్లలో ఉన్నవాళ్ళు ఏడాదిలో ఒకసారి వరసగా కనీసం పది పనిదినాలు, ముందుగా చెప్పకుండా ఇచ్చిన సెలవులో ఉండి తీరాలని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ పది రోజులు ఆ కుర్చీలో మరొకరు కూర్చుంటే ఏం దాగి ఉన్నా బయటపడుతుంది. ఏమీ దాగి లేకపోతే ఇంకా మంచిది, ఆ పని తెలిసినవాళ్ళు ఇద్దరయ్యారు. కొట్లకు పది కుదరకపోతే వారం చాలు.

అదే పరీక్ష యజమానికీ పెట్టాలి. తిరుమల వెళ్ళొచ్చే మూడు రోజులు బాగా సరిపోతాయి. దర్శనం క్యూలోకి ఫోన్ ఎలాగూ తీసుకెళ్ళనివ్వరు. వెళ్ళేముందు ఒకే ఒక్కరికి చెప్పాలి, మేనేజరుకో కొడుక్కో, "హద్దు దాటింది వస్తే నువ్వే తేల్చు, రాసిపెట్టు" అని. మిగతా వాళ్ళకు మీ నంబరు పనిచేయదని చెప్పాలి. తిరిగొచ్చాక గల్లా లెక్క చూసేముందు ఆ రాసిపెట్టిన కాగితం చూడండి. అందులో పన్నెండు వరసలుండి, పదింట్లో మీరూ అదే చెప్పేవారైతే హద్దు అంకెను రెట్టింపు చేయవచ్చు. నాలుగింట్లోనే కుదిరితే, ఆ మిగతా ఎనిమిదింటి వెనకున్న లెక్క మీరింకా ఎవరికీ చెప్పలేదన్నమాట. కాగితం ఖాళీగా ఉంటే మాత్రం ఫోన్ కాల్ లిస్టు తీయండి. మూడు రోజులూ రాత్రి పది దాటాక మీరే ఎన్నిసార్లు ఫోన్ చేశారో అందులో ఉంటుంది.